రోజుకొక పద్యం, రోజుకొక బొమ్మ: 31 రోజులు పూర్తి చేయాలనుకునే వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మొన్న అక్టోబరులో రోజుకొక పద్యం చదివి, దానికొక బొమ్మ గీస్తూ 31 రోజులూ పూర్తి చేశాను. అంతకుముందు రెండేళ్ళు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినదాన్ని. ఈసారి నిండిన పుస్తకం చూసినప్పటి నుంచి ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, వాట్సాప్‌లో అందరూ అవే సందేహాలు అడుగుతున్నారు. అన్నీ ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. వరసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో నేరుగా అక్కడికి వెళ్ళండి.

## మొదలుపెట్టే ముందు

నాకు బొమ్మలు వేయడం రాదు. పద్యాలంటే మాత్రం ప్రాణం. నేను చేయగలనా?

చేయగలరు. మీలాంటి వాళ్ళే చివరిదాకా వస్తారని నా నమ్మకం. బొమ్మల మీద మోజుతో మొదలుపెడితే మూడు బొమ్మలు పాడయ్యేసరికి మోజు తీరిపోతుంది. పద్యం మీద ఇష్టంతో మొదలుపెడితే బొమ్మ పాడైనా ఆ రోజు పద్యం మీతోనే ఉంటుంది. నేను మొదటి రెండేళ్ళు రోజుకొక మాట ఇచ్చే జాబితా పట్టుకుని గీశాను: గొడుగు, తాళం, చేప. పదో రోజు దాటేదాన్ని కాదు. మూడో ఏడు మాటల బదులు పద్యాలు పెట్టుకున్నాను. గొడుగు ఎందుకు గీయాలో నాకు తెలిసేది కాదు. పద్యం ఎందుకు గీయాలో ఒక్క రోజు కూడా అడగాల్సిన పని పడలేదు.

మీకు రావలసింది చాలా కొంచెం. చెంబు చెంబులా, చెట్టు చెట్టులా, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టు కనిపిస్తే చాలు. ముఖాలు రాకపోతే వెనక్కి తిరిగిన మనుషుల్ని గీయండి. నా 31 బొమ్మల్లో కళ్ళూ ముక్కూ ఉన్నవి నాలుగే.

పద్యానికీ బొమ్మకీ ఏం సంబంధం అని ఇంట్లో అంటున్నారు. ఏం చెప్పాలి?

అడివి బాపిరాజు గారి పేరు చెప్పండి. 1895 నుంచి 1952 వరకు జీవించిన ఆయన కవీ, చిత్రకారుడూ కూడా. తెనాలి దగ్గర తుమ్మపూడిలో ఉండి రాసిన, బొమ్మలు వేసిన సంజీవదేవ్ గారు మన బెజవాడ, గుంటూరు వైపు మనిషే. మాటా రంగూ ఒకే చేతిలో ఉండటం మన దగ్గర కొత్త కాదు.

ఏ నెలలో మొదలుపెట్టాలి? అక్టోబరులోనేనా?

అక్టోబరు అలవాటు, ఆ నెలంతా రోజుకొక సిరా బొమ్మ గీసే ఇంక్‌టోబర్ నుంచి వచ్చింది. అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో సిరా గీతల మీద చేయి కుదరడానికి దాన్ని మొదలుపెట్టారు. ఆ నెలలో చాలామంది గీస్తుంటారు కాబట్టి తోడు దొరుకుతుంది. కానీ పద్యాలంటే ఇష్టమున్న వాళ్ళకు అంతకంటే మంచి నెల మన దగ్గరే ఉంది. అది ధనుర్మాసం. తిరుప్పావైలో 30 పాశురాలు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా రోజుకొక పాశురం చదివే ఇళ్ళు మన వైపు ఎన్నో ఉన్నాయి. పద్యం వెతుక్కోవాల్సిన పని లేదు, వరస కూడా ఆండాళ్ తల్లే ఇచ్చింది. పైగా చలి నెల, వాకిళ్ళ నిండా ముగ్గులు.

బెజవాడలో మే నెల మాత్రం వద్దంటాను. చేతి చెమటకు కాగితం ఉబ్బుతుంది, రంగు బ్రష్ తీసేలోపే ఆరి అంచులు కడుతుంది. అది మీ చేతకానితనం అనుకుని మానేస్తారు, తప్పు ఎండదే అయినా.

31 పద్యాలు ఎక్కడి నుంచి తేవాలి? ముందే ఎంచుకోవాలా?

ముందే ఎంచుకోండి. రాత్రి తొమ్మిదింటికి పుస్తకం తెరిచి ‘ఈ రోజు ఏ పద్యం’ అని వెతకడం మొదలుపెడితే బొమ్మకు టైం ఉండదు. సగమైనా నోటికి వచ్చిన పద్యాలతో మొదలుపెట్టండి. చిన్నప్పుడు బళ్ళో అప్పజెప్పినవి, తాతయ్య రాగం తీసి పాడినవి. తక్కువ పడితే ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులున్నాయి, ఏటా జనవరిలో పుస్తకాల పండుగ ఉంది. శతకాల చిన్న పుస్తకాలు అక్కడ తక్కువ ధరకే దొరుకుతాయి.

నా జాబితాలో వేమన, సుమతి శతకాలవి 12, పోతన భాగవతంలోవి 6, జాషువా, కరుణశ్రీ గార్లవి కలిపి 7, మిగతా 6 వచన కవితలు. జాషువా గారు కన్నుమూసింది గుంటూరులోనే, కరుణశ్రీ గారు పాఠాలు చెప్పింది గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీలోనే. ఆ రోడ్ల మీద తిరిగిన వాళ్ళ పద్యం గీస్తుంటే ఏదో దగ్గరితనం ఉంటుంది.

ఇంకో మాట. 31 కాదు, 40 రాసుకోండి. ఒక్కో మొదటి పాదం ఒక్కో చిట్టీ మీద రాసి డబ్బాలో వేయండి. తీసిన చిట్టీ ఆ రోజు మనసుకు పట్టకపోతే పక్కన పెట్టి ఇంకొకటి తీయవచ్చు. ఆ తొమ్మిది అదనపు చిట్టీలు లేకపోతే నేను పూర్తి చేసేదాన్ని కాదు.

ఏమేం కొనాలి? ఎంత ఖర్చవుతుంది?

ఏ5 సైజు స్కెచ్ బుక్, ఒక హెచ్‌బీ పెన్సిల్, రబ్బరు, తడిసినా చెదరని నల్ల సిరా పెన్ను. నాకు 300 రూపాయల లోపే అయింది. కాగితం 150 జీఎస్ఎమ్ (కాగితం బరువు, మందం చెప్పే లెక్క) ఉంటే సిరా వెనక్కి దిగదు. జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎమ్ ఉంటుంది, పెన్సిల్‌కు సరిపోతుంది గానీ నీళ్ళ రంగు తగిలితే ముడతలు పడుతుంది. నిజంగా రంగులు వేయాలంటే 300 జీఎస్ఎమ్ కావాలి. మొదటిసారికి రంగుల జోలికి వెళ్ళకపోవడమే మంచిది. ఏ4 కూడా వద్దు. ఖాళీ ఎక్కువ కనిపించేకొద్దీ భయం ఎక్కువవుతుంది.

## మొదటి వారం

పద్యం నిండా నీతే ఉంది, బొమ్మ కనిపించట్లేదు. ఏం గీయాలి?

అందరూ ముందు అడిగేది ఇదే. నీతిని గీయబోతే వేలు చూపిస్తున్న ముసలాయన తప్ప ఇంకేం రాదు. పద్యంలో వస్తువు ఎక్కడుందో వెతకండి. వేమన పద్యాల్లో అది దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. ఆయన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులే, ఆటవెలదికి నాలుగు పాదాలు. నాలుగోది మకుటం, కాబట్టి వెతకాల్సింది మూడే. ఆ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఒక కుక్కో, చెట్టో, వంటింటి సామానో ఉంటుంది.

ఉప్పు, కర్పూరం పద్యమే తీసుకోండి. నేను మొదట పళ్ళెంలో రెండు తెల్ల కుప్పలు గీశాను. ఏది ఉప్పో ఏది కర్పూరమో నాకే తెలియలేదు. చూడ్డానికి రెండూ ఒకటే అని పద్యం చెప్పేదీ అదే కదా. తేడా రుచిలో ఉందని చెప్పాలి, బొమ్మకేమో నాలుక లేదు. అరగంట అలాగే కూర్చున్నాను. చివరికి ఒక కుప్ప పక్కన ఆవకాయ జాడీ, రెండో కుప్ప పక్కన పరమాన్నం గిన్నె పెట్టాను. కుప్పలు రెండూ అచ్చం ఒకేలా వదిలేశాను. మా పక్కింటి పాప చూసి, జాడీ వైపు వేలు పెట్టి ‘ఇది ఉప్పు’ అంది.

అసలు వస్తువే లేని పద్యం వస్తే, ఆ మాట మీ ఇంట్లో ఎప్పుడు జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఎవరు చెప్పినా వినాలి అనే సుమతి పద్యానికి నేను మా నాన్న బొమ్మ గీశాను. ఫోను ఎలా వాడాలో నాలుగో తరగతి పిల్లాడు చెబుతుంటే ఆయన వంగి వింటున్నారు.

పద్యం మొత్తం బొమ్మలో రావాలా, ఒక ముక్క గీస్తే చాలా?

ఒక ముక్క చాలు. మొత్తం ఇరికించాలని చూస్తే బొమ్మ క్యాలెండర్‌లా తయారవుతుంది. కాకపోతే ఏ ముక్క అన్నది పద్యం నాలుగైదుసార్లు పైకి చదివాకే తేల్చుకోవాలి.

పోతన గారి ‘సిరికిం జెప్పడు’ పద్యం మనందరికీ వచ్చిందే. ఏనుగు మొర విని విష్ణువు పరుగున వెళ్ళడం. నేను ముందు పరుగెడుతున్న విష్ణువునే గీయబోయాను. పైకి చదువుతుంటే ఒక సంగతి తట్టింది. పద్యంలో ఉన్నవన్నీ ఆయన చేయని పనులే! లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేత పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెవి మీద పడ్డ జుట్టు సర్దుకోడు. వరసగా ‘డు, డు’ అని ఆ కాదనడంలోనే తొందర వినిపిస్తుంది. చేయని పనిని ఎలా గీస్తాం? ఆయన్నే తీసేశాను. ఖాళీ ఆసనం, దాని పక్కన శంఖం, చక్రం ఎక్కడివక్కడే, వాకిట్లో రెక్కలు ముడుచుకుని ఎవరి కోసమో చూస్తున్న గరుత్మంతుడు. నేను గీసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. మనిషి లేకుండా ఆయన వెళ్ళిన వేగం గీయవచ్చని నాకు నేర్పింది ఆ ‘డు’ అనే అక్షరమే.

బొమ్మ మీద పద్యం కూడా రాయాలా? నా అక్షరాలు బాగుండవు.

రాయండి, ముందు అక్షరాలు రాసి తర్వాత బొమ్మ గీయండి. బొమ్మ అయ్యాక మిగిలిన చోట ఇరికిస్తే ఒత్తులకు చోటు చాలదు. ఇంగ్లీషులా కాదు, మన లిపికి పైన గుడులూ తలకట్లూ, కింద ఒత్తులూ ఉంటాయి. వరసల మధ్య అక్షరం ఎత్తుకు సమానంగా ఖాళీ వదిలితే పద్యం ఊపిరి పీల్చుకుంటుంది. తాటాకు మీద గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెబుతారు. ఆ గుండ్రదనం బ్రష్ పెన్నుకు బాగా పడుతుంది. నాలుగు పాదాలూ రాయలేకపోతే మొదటి పాదం చాలు.

రోజుకు ఎంత టైం పడుతుంది?

గీయడానికి 40 నిమిషాలు. పద్యానికి మాత్రం రోజంతా. పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు పద్యం పైకి చదివేదాన్ని. బస్సులో, లంచ్ టైంలో అది బుర్రలో తిరుగుతూనే ఉండేది. రాత్రి తొమ్మిదిన్నరకు పుస్తకం తెరిచేసరికి ఏం గీయాలో సగం తేలిపోయి ఉండేది. పద్యం చదవడమూ గీయడమూ రాత్రికే పెట్టుకుంటే గంటన్నరైనా చాలదు.

దేవుడి బొమ్మ సరిగా రాకపోతే తప్పా?

కాదు. మా అమ్మను అడిగితే ‘వినాయకుణ్ణి మట్టితో పిల్లలు చేయట్లేదా’ అంది. మనసు ఒప్పకపోతే పాదాలో, నెమలి ఈకో, దీపమో గీయండి.

## మధ్యలో

ఒక రోజు తప్పిపోయింది. ఇక వదిలేయడమేనా?

వదిలేయకండి. నాకు 17వ తేదీన జ్వరం వచ్చింది. లేచి ఆ పేజీలో పద్యం మాత్రం రాసి పడుకున్నాను. బొమ్మ ఆదివారం పొద్దున గీశాను. ముందటి ఏళ్ళలో తప్పిన రోజు బొమ్మను మర్నాడు రాత్రే రెండోదిగా గీయబోయేదాన్ని. అలసిపోయి రెండూ పాడయ్యేవి, మూడో రోజు పుస్తకం తెరవబుద్ధయ్యేది కాదు.

తప్పకుండా ఉండాలంటే బొమ్మ సైజు తగ్గించండి. పని ఎక్కువైన రోజు పేజీ మధ్యలో అగ్గిపెట్టెంత గడి గీసి, పద్యంలో ఒక్క వస్తువు అందులో పెట్టండి. పది నిమిషాల పని. నా పుస్తకంలో అలాంటివి ఆరున్నాయి, చూసిన వాళ్ళంతా వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు. చుట్టూ ఉన్న తెల్లకాగితం వల్లనేమో.

రెండో వారం దాటాక విసుగొచ్చేసింది. అన్ని బొమ్మలూ ఒకేలా ఉన్నాయి.

ఇంట్లో కూర్చుని గీస్తే అలాగే ఉంటుంది. పద్యం జేబులో వేసుకుని బయటకు వెళ్ళండి. 14వ రోజు నాకు ఏటి మీద పద్యం వచ్చింది. సాయంత్రం సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ చూస్తూ కూర్చున్నాను. బ్యారేజీకి 70 గేట్లు. లెక్కపెట్టి గీయబోతే పన్నెండోదాని దగ్గరే చేయి నొప్పెట్టింది. దగ్గరివి నాలుగు శ్రద్ధగా గీసి, దూరం వెళ్ళేకొద్దీ గీతలు పలచన చేసి చివరికి చుక్కలుగా వదిలేశాను. కన్ను కూడా అంతే కదా చూసేది. గుంటూరు వాళ్ళయితే మిర్చి యార్డు దారిలో బస్తాల బరువుతో వెళ్ళే లారీ ఒక్కటి చాలు, శ్రమ మీద ఏ కవితకైనా సరిపోతుంది.

దసరాకు ఇల్లు నిండా చుట్టాలు. పైగా సరస్వతీ పూజలో పుస్తకాలు, పెన్నులు పెట్టేస్తాం. ఆ రోజు బొమ్మ ఎలా?

మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తారు. మా ఇంట్లో ఆ రోజు పుస్తకం ముట్టరు. నేనూ స్కెచ్ బుక్‌ను, పెన్నును పూజలోనే పెట్టాను. పొద్దున్నే వాకిట్లో ముగ్గుపిండితో, ఆ రోజు పద్యంలో ఉన్న తామరపువ్వు గీసి ఫోటో తీసుకున్నాను. తర్వాత ఆ ఫోటో ప్రింట్ తీయించి పేజీలో అంటించాను. పిండి వేళ్ళ మధ్య నుంచి జారేటప్పుడు గీత చెరపలేం, రబ్బరు ఉండదు. గీత తప్పుతుందేమోనన్న భయం లేకుండా గీయడం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఇక చుట్టాల సంగతి. వాళ్ళనే పద్యం చదవమనండి. మా బాబాయి రాగం తీస్తుంటే నేను ఆయన ఎదుటే గీశాను.

వేరే వాళ్ళ బొమ్మలు చూస్తే టెన్షన్ వస్తోంది.

మీ బొమ్మ అయ్యేదాకా ఫోను పక్క గదిలో పెట్టండి. నేను నెలంతా అలాగే చేశాను.

## చివరి రోజులు, ఆ తర్వాత

31వ బొమ్మ గొప్పగా ఉండాలనిపించి 30 దగ్గర ఆగిపోయాను.

చివరి రోజుకు మీరు నేర్చుకున్న మొట్టమొదటి పద్యం పెట్టుకోండి. దాని చిట్టీ డబ్బాలో వేయకుండా ముందే దాచండి. నాది తాతయ్య అరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన పద్యం. అరుగు, గోడకు ఆనించిన చేతికర్ర, కింద ఆయన పెద్ద చెప్పులు, పక్కన నా చిన్న చెప్పులు. 20 నిమిషాల్లో అయిపోయింది. గొప్పగా గీయాలన్న ఆలోచనే రాలేదు.

ఫోనుతో ఫోటో తీస్తే కాగితం పసుపుగా వస్తోంది.

రాత్రి లైటు కింద తీయకండి. పొద్దున తొమ్మిదింటికి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పేజీని నేల మీద పరిచి, పైనుంచి తీయండి. పుస్తకంగా అచ్చు వేయించాలంటే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేయించుకోండి.

పద్యం రాసిన బొమ్మలు అమ్ముకోవచ్చా?

ఎవరి పద్యం అన్నదాన్ని బట్టి. మన చట్టం ప్రకారం కవి మరణించిన తర్వాతి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ళ వరకు రచన మీద హక్కులు ఉంటాయి. వేమన, పోతన పద్యాలకు ఆ ఇబ్బంది లేదు. గురజాడ గారు 1915లో పోయారు కాబట్టి ఆయనవీ వాడుకోవచ్చు. జాషువా గారు 1971లో పోయారు, లెక్క 2031 చివరి దాకా వస్తుంది. అలాంటి వాటిని అమ్మాలంటే హక్కుదారుల అనుమతి తీసుకోవాలి, లేదా పద్యం రాయకుండా బొమ్మ మాత్రమే ఇవ్వాలి. పాత పద్యమే అయినా ఈ కాలం వాళ్ళు రాసిన తాత్పర్యం ఎత్తి రాయకండి, అది వాళ్ళది.

బొమ్మలు ఎలా దాచాలి?

కింది అరలో మాత్రం పెట్టకండి. 2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో ఉండే నా స్నేహితురాలి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. మంచం కింద అట్టపెట్టెలో ఉన్న ఆమె స్కెచ్ బుక్కులు నానిపోయాయి. వాటిని మా డాబా మీద, నీడలో, పేజీకి పేజీకి మధ్య న్యూస్ పేపర్ పెట్టి ఆరబెట్టాం. ఫౌంటెన్ పెన్ను సిరాతో గీసినవన్నీ నీలపు మరకలైపోయాయి. పెన్సిల్ గీతలు బురద చారల కింద కూడా నిలిచే ఉన్నాయి. ఆమె ఒక్కో పేజీ విప్పి, గీత కనిపిస్తే పైకి చూపించేది, కనిపించకపోతే మాట్లాడకుండా పక్కన పెట్టేది. అప్పటి నుంచి నేను తడికి చెదరని సిరానే వాడుతున్నాను, పుస్తకాన్ని జిప్ కవర్లో వేసి బీరువా పై అరలో పెడుతున్నాను. స్కాన్ కాపీ ఒకటి వేరే ఊళ్ళో ఉన్న వాళ్ళకు పంపి ఉంచండి.

పూర్తయ్యాక ముందు ఎవరికి చూపించాలి?

పద్యాలు వచ్చిన వాళ్ళకు, పద్యం రాసిన చోట కాగితం అడ్డం పెట్టి చూపించండి. బొమ్మ చూసి పద్యం ఎత్తుకుంటే అంతకంటే మెచ్చుకోలు ఉండదు.

గుంటూరు బ్రాడీపేటలో మా పెద్ద మేనత్త ఉన్నారు, ఎనభై దాటాయి. ‘సిరికిం జెప్పడు’ పద్యానికి గీసిన బొమ్మ ఆవిడ ముందు పెట్టాను. ఖాళీ ఆసనం, శంఖం, చక్రం, ఎదురుచూస్తున్న గరుత్మంతుడు. కళ్ళజోడు సర్దుకుని చూశారు, మెల్లగా రాగం అందుకున్నారు. ఆఖరి పాదం దగ్గర ఆగి, బొమ్మ మీద వేలు పెట్టి అటూ ఇటూ వెతికారు. ‘అన్నీ గీశావు గానీ, చెంగు ఏదమ్మా?’

నిజమే. ఆయన అమ్మవారి పైట చెంగు వదలకుండానే వెళ్ళాడు. మిగతావన్నీ వైకుంఠంలో ఉండిపోయాయి గానీ, అదొక్కటే ఆయన చేతిలో వెళ్ళింది. అక్కడే, ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఆసనం దగ్గర నుంచి పేజీ అంచు దాకా ఒక చీర అంచు గీశాను. చివర కాగితం బయటికి వెళ్ళిపోయినట్టు వదిలేశాను. అత్తయ్య పద్యం మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు.